ఆఖరి స్టాపు దాటాక

హడావిడి అన్నది ఆమె అసలు పేరు కాదు గానీ, అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. డాక్టరు చేతులు కడుక్కునేలోపే పుట్టేసిందట. ఆ సంగతి వాళ్ళమ్మ ఇప్పటికీ ఫిర్యాదు చేస్తున్నట్టే చెబుతుంది. అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పడం, తలుపు పూర్తిగా తెరుచుకోకముందే లోపలికి దూరబోయి నుదురు బొప్పి కట్టించుకోవడం ఆ పిల్లకి రోజూ ఉండేవే. అలాంటి మనిషి ఏరికోరి ఎంచుకున్న చదువేమిటయ్యా అంటే, కృత్రిమ కాళ్ళు చెయ్యడం. వెంట్రుక వాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకి పుండు పడే పని అది.

దీనికంతటికీ కారణం మేనత్త. ఆవిడ బట్టలు కుడుతుంది. మేనకోడలు స్కూల్లో ఉండగా ఒక లారీ ఆవిడ ఎడమ కాలిని మోకాలి కిందనుంచి తీసుకుపోయింది. తరవాత ఒకదాని వెనక ఒకటి రెండు కృత్రిమ కాళ్ళు చేయించుకుంది. ఒకటి కరిచింది, రెండోది నడిచినంతసేపూ పాత తలుపులా కిర్రుమంది. మొదటిది ఎవరికో ఇచ్చేసి, రెండోదాన్ని గోడకి వేలాడదీసి దానికి చేతిసంచీ తగిలించడం మొదలుపెట్టింది. చంకలో కర్ర పెట్టుకుని, ఇక ఎవరు చేసిన కాలూ తను పెట్టుకోననీ, మేనకోడలు చేసిస్తే అప్పుడు చూస్తాననీ ఇంటిల్లిపాదికీ ప్రకటించింది. ఆవిడ అన్నది వేళాకోళానికే. ఈ పిల్ల మాత్రం ఆ మాట పట్టుకుని సముద్రం దాటింది.

ఇప్పుడా చదువు చివరికొచ్చింది. ఇక్కడ మన ఊళ్ళోని పెద్దాసుపత్రిలో కాళ్ళు చేసే విభాగం కొత్తగా తెరుస్తున్నారు. ఈ టర్ములో పాసై వస్తే అక్కడ పని ఆమెదే. రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ముందే చెప్పేశారు. మన హడావిడి ఇంకా పరీక్ష కాకముందే పెట్టె సర్దేసింది. సర్దేసింది కనుక ప్రతి పొద్దున్నా పెట్టె తాళం తీసి, అడుగు నుంచి మేజోళ్ళు లాగి, మళ్ళీ అంతా కుక్కి, పైన కూర్చుని మూత వేస్తోంది. ఆ రోజుల్లో ఆమె కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు.

ఆ బడిలో ఆఖరి పరీక్షకి హాలూ లేదు, ప్రశ్నపత్రమూ లేదు. విద్యార్థి ఒక నిజమైన మనిషికి నిజమైన కాలు చెయ్యాలి. ఆ మనిషి తనకి ఇష్టమైన చోటేదో చెప్పాలి. ఇద్దరూ కలిసి అక్కడికి ప్రయాణం చేసి రావాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చాక, మేష్టారు ఆ కాలు విప్పించి చర్మం చూస్తాడు. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఎరుపు పోవాలి. పొక్కు కనబడిందా, ఆ కాలు పక్కన పడేసి ఇంకో టర్ము కూర్చుని మళ్ళీ చెయ్యాల్సిందే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. పనిముట్ల సంచీ వెంట తీసుకెళ్ళనిస్తారు గానీ, బయల్దేరే ముందు మేష్టారే దాని మూతికి దారం చుట్టి ముడి వేస్తాడు. ఆ ముడి ఆయన సొంతం. విప్పితే మళ్ళీ అలా వెయ్యడం ఎవరివల్లా కాదు. కొందరు ప్రయత్నించి దొరికిపోయారని విద్యార్థులు చెప్పుకునేవాళ్ళు. ముడి ఊడి వస్తే మార్కులు ఊడినట్టేనని కూడా చెప్పుకునేవాళ్ళు. మేష్టారు మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. ఆయన మెచ్చుకున్నా ఊఁ అనేవాడు, తిట్టదలచుకున్నా ఊఁ అనేవాడు. కాకపోతే తిట్టదలచుకున్నప్పుడు కళ్ళద్దాలు తీసేవాడు.

హడావిడి వాటాకి వచ్చినావిడ రిటైరైన బస్సు డ్రైవరు. మనిషి కండపుష్టి గలది, గొంతు అంతకన్నా పుష్టి గలది. జీవితమంతా బస్సు నడిపితే ఏమీ కాలేదు. ఒక సెలవురోజు నడిచి రోడ్డు దాటుతుంటే ఎవరి కారో గుద్దింది. "పోయింది కూడా బ్రేకు తొక్కే కాలే చూడు" అని తనే నవ్వేది. మొదటిరోజు కొలతలు తీసుకుంటూ కంగారులో హడావిడి నోట "పెద్దమ్మా, కాస్త ఇటు తిరగండి" అని మన మాట దొర్లిపోయింది. అర్థమేమిటని ఆవిడ అడిగింది, విని కాసేపు ఆలోచించింది, ఆనక వేరే ఎలా పిలిచినా పలకడం మానేసింది. మిగతా మాటలన్నీ వాళ్ళిద్దరూ ఆ దేశపు భాషలోనే ఆడుకున్నారు. మన చెవికి అందేటట్టు నేను చెబుతున్నాను.

ఎక్కడికి వెళ్దామంటే అందరూ చెప్పినట్టు సముద్రమో, పెద్ద బజారో చెబుతుందనుకుంది హడావిడి. పెద్దమ్మ చెప్పింది వేరు. తను ఉద్యోగమంతా ఒకే దారిలో బస్సు నడిపింది. ఊరి నడిబొడ్డు నుంచి కొండ మీది ఆఖరి స్టాపు దాకా. అక్కడ దిగిన జనం తువ్వాళ్ళూ తిండి బుట్టలూ పట్టుకుని, పిల్లల్ని అదిలించుకుంటూ ఒక కాలిబాట వెంట కిందికి దిగిపోయేవాళ్ళు. సాయంత్రం తడి జుట్టుతో, ఎర్రబడిన ముక్కులతో మళ్ళీ బస్సెక్కేవాళ్ళు. కింద చెరువుందట. ఈవిడ ఏనాడూ చూడలేదు. బస్సు తిప్పుకునేంత సేపే విరామం, స్టీరింగు మీదే ఫ్లాస్కు పెట్టుకుని కాఫీ తాగి వెనక్కి తిప్పేసేది. సెలవురోజుల్లో రావచ్చు కదా అంటే, సెలవురోజున కూడా అదే బస్సెక్కమంటావా అని కోప్పడింది.

"ఆ జనమంతా ఎక్కడికి పోయేవాళ్ళో నేను చూడాలి" అంది.

హడావిడి వెంటనే సై అంది. గదికెళ్ళి ఆలోచించాక గానీ గుండె గుభేలుమనలేదు. కాలిబాట, అందులోనూ దిగుడు. కొత్త కాలికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఇక ఆ కాలి మీద పడిందండీ ఆ పిల్ల. కాలు దిగే గిన్నెలాంటి సాకెట్టును లోపలి నుంచి అరగదీసింది, పెద్దమ్మ చేత తొడిగించి నడిపించింది, విప్పి మళ్ళీ అరగదీసింది. జుట్టునిండా ప్లాస్టరు పొడి. పెద్దమ్మ రోజూ తన నల్ల డ్యూటీ బూట్లలోనే వచ్చేది. చదునైన మడమ, గట్టి అట్ట. కాలు నిలువు ఆ బూట్లకి సరిగ్గా కుదిరింది. వర్క్‌షాపులో ఇటు నుంచి అటు పెద్దమ్మ నడుస్తుంటే రెండు కాళ్ళలో కొత్తదేదో గుర్తుపట్టడం కష్టమైంది. మేష్టారు చూసి ఊఁ అన్నాడు. కళ్ళద్దాలు తియ్యలేదు.

ఇక ఆగుతుందా. కాలు నెగ్గితే ఊరెళ్ళేలోపు మిగిలిన రోజుల్లో ఊళ్ళోని ప్రతి బస్సూ ఎక్కి ప్రతి ఆఖరి స్టాపూ చూద్దామని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పెద్దమ్మకి ఎలాగూ పాసుంది. ఇన్నాళ్ళూ ఈ దేశంలో హడావిడి చూసిందల్లా గది, వర్క్‌షాపు, మధ్యలో ఒక వంతెన. ఆ వారమంతా మేనత్తకి ఫోన్లో బస్సుల నంబర్లే చెప్పింది.

బయల్దేరే పొద్దున ఎండ బాగా కాసింది. పెద్దమ్మ పాదాలు కప్పేసేలా వేలాడే పూల గౌను వేసుకుని, బుట్ట పట్టుకుని, వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకో కాస్త పొడుగ్గా కూడా కనబడింది. సంతోషానికి మనిషి ఎత్తు పెరుగుతుంది కాబోలు అనుకుంది హడావిడి. సాకెట్టు బిగువు చూసిందా, చూసింది. లోపలి మేజోడు మడతలు పడలేదు కదా అని అడిగిందా, అడిగింది. మేష్టారు సంచీకి ముడి వేసి చేతికిచ్చాడు. బస్సు వస్తోందని అరుస్తూ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. అదీ కొత్త కాలితో. గౌను కింద ఆ మోకాలు లేచి దిగుతుంటే చూసి హడావిడికి ఒళ్ళు పులకరించింది. మనిషి మర్చిపోయి వాడుతోందంటే కాలు ఒంటికి పట్టినట్టే. డ్రైవరు గేరు మార్చడం ఆలస్యం చేసినప్పుడల్లా పెద్దమ్మ సణిగింది. ఆఖరి స్టాపులో అందరికన్నా చివర్న దిగి, ఖాళీ బస్సు వెనక్కి తిరగడం నిలబడి చూసింది. అది పోయాక ఊపిరి పీల్చుకుని, "పద" అంది.

కాలిబాట దిగడం మొదలుపెట్టిన కాసేపటికే పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. పక్కనున్న కంచె పట్టుకుంది. ఎవరో వెనకనుంచి మోకాలు ముందుకి తోస్తున్నట్టుందని చెప్పింది. సాకెట్టు పైఅంచు నొక్కుతోందట. హడావిడి వంగి గౌను అంచు ఎత్తింది.

ఎర్ర చెప్పులు. కొత్తవి, మెరుస్తున్నవి, మడమ ఉన్నవి.

ఆ పిల్ల పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ పనిలో మొదటి రోజు నేర్పే మొదటి సంగతి చెప్పు చూడమని. సొంత కాలైతే మడమ ఎత్తు పెరిగితే చీలమండ దగ్గర తనే సర్దుకుంటుంది. చేసిన కాలు సర్దుకోదు. మడమ లేస్తే కాలు మొత్తం ముందుకి వాలి మోకాల్ని తోస్తుంది. పోనీ చెప్పులు విప్పేస్తే ఒళ్ళు వెనక్కి తూలుతుంది. మనిషి పొడుగ్గా కనబడిందంటే ఎందుకో అప్పుడే ఆలోచించాల్సింది. సంతోషమట, ఎత్తు పెరగడమట. తన నెత్తి తనే మొట్టుకుంది.

పెద్దమ్మ మొహం చిన్నబోయింది. అంత గొంతున్న మనిషి నెమ్మదిగా చెప్పింది. "ఇన్నేళ్ళూ ఆ నల్ల బూట్లతో డ్రైవరుగానే వచ్చాను ఇక్కడికి. ఇవాళ ప్యాసింజరులా దిగాలనిపించింది. చెప్పులకి ఇంత కథ ఉందని నాకేం తెలుసు."

ఆమెకి తెలియకపోవడం తప్పు కాదు. చెప్పాల్సిన మనిషి చెప్పలేదు, చూడాల్సిన మనిషి చూడలేదు, ఆ ఇద్దరూ ఒక్కరే. హడావిడి చేతిలోని సంచీ వంక చూసింది. పెద్దమ్మ కూడా చూసింది. ముడి సంగతి ఆవిడకీ తెలుసు. వద్దంది. తనని పట్టుకుని స్టాపు దాకా నడిపిస్తే చాలనీ, తరవాతి బస్సు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుందామనీ, చెరువు చూశామని చెబితే మేష్టారు వచ్చి చూడబోయాడా అనీ అంది. నీ ఉద్యోగం పోకూడదు, మీ అత్త కాలు ఆగకూడదు అంది.

మామూలుగా అయితే ఆ పిల్ల ఈపాటికి జవాబు చెప్పేసేది. ఈసారి కంచె దగ్గరికి జరిగి కిందికి చూసింది. కంచె అవతల కింద చెట్ల సందుల్లోంచి నీళ్ళు తళతళలాడుతున్నాయి. పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. పెద్దమ్మ అటు చూడకుండా బలవంతాన తల తిప్పుకుని నిలబడింది. ఇంట్లో గోడకి సంచీ మోస్తూ వేలాడే కాలు గుర్తొచ్చింది హడావిడికి. దాన్ని చేసినవాడు కూడా ఎక్కడో ఏదో పరీక్ష పాసయ్యే ఉంటాడు.

ముడి విప్పబోయింది. రాలేదు. పళ్ళతో కొరికి తెంపింది.

పెద్దమ్మని కంచె పట్టుకుని నిలబడమని, తను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని మరలు తిప్పే అలెన్ కీ తీసింది. చీలమండ చుట్టూ చిన్న మరలుంటాయి. ఒకదాన్ని వదులు చేసి ఎదుటిదాన్ని బిగిస్తే పాదం వంగుతుంది. కొంచెం వంచింది. నాలుగడుగులు వెయ్యమంది. ఇంకా తోస్తోందా అంటే తోస్తోందంది. మళ్ళీ కూర్చుంది. ఈసారి ఎక్కువైంది, మోకాలు వెనక్కి తన్నింది. మళ్ళీ కూర్చుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, సాయం కావాలా అని అడిగి పోతున్నారు. గౌను దుమ్ము కొట్టుకుపోయింది, హడావిడి మోకాళ్ళు గులకరాళ్ళకి గీసుకుపోయాయి. ఆ పిల్ల మాత్రం తొందరపడలేదు. ఆ నిదానం వాళ్ళమ్మ చూసుంటే దిష్టి తీసి ఉండేది.

చివరికి పెద్దమ్మ కంచె వదిలేసి నడిచింది. వెనక్కొచ్చింది. మళ్ళీ నడిచింది. "ఇప్పుడు వెనక ఎవరూ లేరు" అంది.

చెరువు పెద్దదేమీ కాదు. ఒడ్డున తువ్వాళ్ళు పరుచుకున్న జనం, నీళ్ళ మధ్యదాకా పోయి ఆగే ఒక చెక్క వంతెన, నీళ్ళలోకి దూకి అరిచే పిల్లలు. పెద్దమ్మ చెక్క వంతెన చివరిదాకా ఎర్ర చెప్పులు టకటకలాడించుకుంటూ నడిచి, అక్కడ కూర్చుని, కొత్త కాలు విప్పి పక్కన జాగ్రత్తగా పడుకోబెట్టి, ఉన్న కాలు నీళ్ళలో ముంచింది. దూకే పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే చూసింది. తరవాత పక్కన కూర్చున్న ముసలాయన్ని చూసి, మీరు మొదటి ట్రిప్పులో వచ్చేవాళ్ళు కదూ, చిల్లర ఇవ్వకుండా ఏడిపించేవాళ్ళు అంది. ఆయన ఆవిణ్ణి పోల్చుకుని నవ్వినవాడు నవ్వినట్టే ఉండిపోయాడు. మీరు కిందికి కూడా దిగుతారా అని అడిగాడు. ఇకనుంచి దిగుతాను అంది పెద్దమ్మ. హడావిడి బట్టలతో సహా నీళ్ళలో దూకేసింది. అంతసేపు అణుచుకున్న హడావిడి ఎక్కడికో పోవాలిగా మరి.

సాయంత్రం వర్క్‌షాపులో మేష్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు సంచీ వంక చూశాడు. దారం లేదు. హడావిడి నోరు విప్పేలోపే పెద్దమ్మ అందుకుని, బుట్ట పిడికి చిక్కుకుంటే తనే పుటుక్కున తెంపేశానని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ముప్పై మంది ప్యాసింజర్లని ఒక్క అబద్ధంతో సర్దిచెప్పిన అనుభవం ఆవిడది. నమ్మేటట్టే చెప్పింది.

హడావిడి ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా ఆగింది.

"మేష్టారూ, అది నేనే తెంపాను. పొద్దున నేను చెప్పులు చూడలేదు."

మేష్టారు కళ్ళద్దాలు తీశాడు.

తీసి బల్ల మీద పెట్టి, పెద్దమ్మ కాలు విప్పించాడు. ఎర్రబడిన చోటల్లా వేలితో నొక్కి, వదిలి, చూశాడు. మోకాలి కింద, పక్కన, వెనక. నొక్కిన ప్రతిచోటా ఎరుపు తెల్లబడింది. పొక్కు లేదు. కాలు తొడిగించి, ఆ ఎర్ర చెప్పులతోనే ఇటు నుంచి అటు నడిపించాడు.  చెరువు నీళ్ళు ఇంకా హడావిడి జడ కొసనుంచి నేల మీద పడుతున్నాయి.

"చెప్పులు చూడనందుకు మార్కులు తీసేస్తాను" అన్నాడు మేష్టారు. ఆయన అంత పొడుగు మాట అనడం విద్యార్థులెవరూ విని ఉండరు. ఇంకా అన్నాడు. "ముడి వేసేది విప్పకూడదని కాదు. విప్పే ముందు కాసేపు ఆగుతారని. ముడి కాపాడుకుని ఈవిణ్ణి కుంటించుకుంటూ తెచ్చుంటే ఇంకో టర్ము కూర్చోబెట్టేవాణ్ణి."

కళ్ళద్దాలు పెట్టుకుని, ఊఁ అన్నాడు.

హడావిడి ఎగిరి గంతేసింది. పైన తీగకి వేలాడదీసిన చెక్క పాదాల్లో ఒకటి నెత్తిన ఠంగుమంది. పెద్దమ్మ ఆ పిల్లని గట్టిగా కావలించుకుని తిప్పేసింది, అదీ కొత్త కాలి మీద. మేష్టారు అటు తిరిగి ఆ పాదాల్ని సర్దుతున్నట్టు నిలబడ్డాడు. నల్ల బూట్లకి కూడా అంతే ఎత్తు మడమ కొట్టించుకుంటే అవీ వేసుకోవచ్చని, వెళ్ళబోతుంటే చెప్పాడు. పెద్దమ్మ ఆలోచిద్దాంలే అంది.

మిగిలిన రోజులన్నీ బస్సులే. ఒక ఆఖరి స్టాపు రేవు దగ్గర, ఒకటి పూలతోటలో. ఇంకొకటి ఏమీ లేని ఖాళీ మైదానంలో ఉంటే, అదీ దిగి చూశారు. రెండంతస్తుల బస్సు పైఅంతస్తు ముందు సీట్లో కూర్చుని, పెద్దమ్మ పక్కన బ్రేకు తొక్కుతూ ఉండగా, హడావిడి మేనత్తకి ఫోను చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు.

"ఏమే, నా కాలు ఏ దేశంలో ఉందిప్పుడు?" అంది మేనత్త. ఎప్పుడూ ఆవిడ పలకరింపు అదే.

"అత్తా, నువ్వు ఏ చెప్పులు వేసుకుంటావు?"

"ఒంటి కాలికి ఏ చెప్పయితే ఏముందే. కుడిదేదో ఉంది."

"అది కాదు. రెండు కాళ్ళకీ."

మిషను ఆగిపోయింది. 

"జత కొంటేనే కదే ఒకటొచ్చేది" అంది చివరికి. "కుడివన్నీ అరిగిపోయాయి. ఎడమవి అట్టపెట్టెలో పెట్టాను. అన్నీ కొత్తగానే ఉన్నాయి. పారెయ్యడానికి చేతులు రాలేదు."

హడావిడికి కళ్ళు మసకబారాయి. అయినా తొందరపడలేదు. అరిగినదాని పక్కన కొత్తది వేస్తే ఎత్తు కలవదనీ, అవన్నీ అలాగే ఉంచమనీ, తను రాగానే ఇద్దరూ వెళ్ళి కొత్త జత కొందామనీ, ముందు చెప్పులు, తరవాతే కాలు అనీ నిదానంగా చెప్పింది. మేనత్త అన్నీ వింది. తరవాత పక్కన ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"మడమ ఉన్నవి కొనుక్కోవచ్చా?"

బస్సు ఆఖరి స్టాపులో ఆగింది. పెద్దమ్మ బుట్ట తీసుకుని, ఎర్ర చెప్పులతో మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"ఎంత ఎత్తువి కావాలంటే అంత ఎత్తువి కొనుక్కో అత్తా" అంది హడావిడి. "కాలు దానికి తగ్గట్టు నేను చేస్తాను."